మొక్కజొన్న రొట్టె, అలసంద కూర: మెక్సికో వంట మనకు నేర్పే పాఠం



ఈ పాఠంలో మనం దూరదేశపు వంట ఒకటి నేర్చుకుందాం. అయితే ఆ వంటకు కావలసిన సరుకులన్నీ మన చేలలో, మన పెరట్లో, మన వారపు సంతలో ఉన్నవే. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ వాడకుండా కూడా ఒక పూట భోజనం బలంగా ఎలా వండుకోవచ్చో, అందులో ఏ జాగ్రత్త తప్పితే ఏ జబ్బు వస్తుందో తెలుసుకుందాం. ముందుగా ఒక సంగతి చెబుతాను.

చలువ పందిట్లో ఒక పెద్దమ్మ

మిరప ఏరుడు పనులు ముగిసే రోజులు. గోదావరి ఒడ్డున అడవి అంచున ఉన్న ఒక గూడేనికి మన గ్రామ సందర్శన బృందం వెళ్ళింది. చలువ పందిట్లో వరుసగా కూర్చున్న వారిలో నలభై అయిదేళ్ళ స్త్రీ ఒకరు ఉన్నారు. రెండు చేతుల వెనుక భాగం, పాదాల పైభాగం, మెడ చుట్టూ చర్మం నల్లబడి, పొలుసులుగా లేచి ఉంది. మెడ మీది మచ్చ గొలుసు వేసినట్టే ఉంది. ఎండలో పని చేయడం వల్ల కమిలిందని ఇంట్లోవాళ్ళు పసుపు రాస్తున్నారు.

"పెద్దమ్మా, ఎన్ని రోజులాయె ఇట్ల?" అని సిస్టర్ అడిగింది.

"రెండు నెలలాయె బిడ్డా. ఎండకు మండుతది. నోరంత పూసింది. పుట్టిన కాన్నుంచి కారం తిన్నదాన్ని, ఇప్పుడు ఇంత కారం నోట్ల పెట్టనిస్తలేదు. విరేచనాలు గూడ అయితున్నయ్."

"ఏం తింటున్నవు పెద్దమ్మా?"

"ఏముంది బిడ్డా, మక్క గటక. పొద్దున గటక, మాపటికి గటక. చేలో పండింది ఇంత ఉంచుకున్నం. పప్పు కొనాల్నంటే పిరం. ఎప్పుడన్న ఇంత గంజి."

నాలుక చూస్తే ఎర్రగా పచ్చిపుండులా ఉంది. రాత్రుళ్ళు నిద్ర పట్టదని, చెప్పిన మాట వెంటనే మరచిపోతోందని కోడలు చెప్పింది. డాక్టరుగారు చూసి ఇది చర్మవ్యాధి కాదన్నారు. ఎండ దెబ్బ కూడా కాదన్నారు. ఇది ఆహారలోపం వల్ల వచ్చిన జబ్బు. దీని పేరు పెల్లాగ్రా. నియాసిన్ అనే విటమిను, అంటే బి విటమిన్లలో ఒకటి, ఒంటికి చాలకపోతే ఇది వస్తుంది. మాత్రలు ఇచ్చారు, భోజనం మార్చారు. కొద్ది రోజుల్లోనే నోటిపూత, విరేచనాలు తగ్గాయి. కొన్ని వారాలకు చర్మం మామూలైంది.

పెద్దమ్మ తిన్నది మొక్కజొన్న. అది మంచి ధాన్యమే. మెక్సికో దేశంలో వేల సంవత్సరాలుగా అదే ప్రధాన ఆహారం. అక్కడివారికి రాని జబ్బు ఇక్కడ మన పెద్దమ్మకు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

మొక్కజొన్న పుట్టిల్లు

మొక్కజొన్న మన దేశపు పంట కాదు. సుమారు 9,000 సంవత్సరాల క్రితం దక్షిణ మెక్సికోలో, బాల్సాస్ నదీలోయ ప్రాంతంలో, టియోసింటే అనే అడవి గడ్డి నుంచి అక్కడి ప్రజలు దీన్ని సాగులోకి తెచ్చారు. మన ఖమ్మం మార్కెట్టుకు పేరు తెచ్చిన మిరపకాయకు కూడా మెక్సికోయే పుట్టిల్లు. గుమ్మడి, రాజ్‌మా చిక్కుళ్ళు, బొప్పాయి అక్కడి నుంచీ దాని ఇరుగుపొరుగు దేశాల నుంచీ వచ్చినవే. టమాటా, జామ, వేరుశనగ, చిలగడదుంప కూడా అమెరికా ఖండాల పంటలే. స్పెయిన్ వారు, పోర్చుగీసు వారు వాటిని ఓడల్లో ప్రపంచమంతా తిప్పారు. మిరపకాయ రాకముందు మన వంటల్లో కారానికి మిరియాలు వాడేవారు.

అక్కడి నుంచి మనకు వచ్చినట్టే, మన వైపు నుంచి కూడా వారికి కొన్ని వెళ్ళాయి. కొత్తిమీర, ఉల్లి, నిమ్మ పాతప్రపంచం నుంచి మెక్సికోకు చేరినవే. ఈ రోజు అవి లేకుండా అక్కడ వంట లేదు.

స్పెయిన్ సైన్యం 1519లో మెక్సికోలో అడుగుపెట్టింది. అంతకుముందు అక్కడ ఆవు లేదు, గేదె లేదు, మేక లేదు, పంది లేదు. అందువల్ల పాలు, వెన్న, నెయ్యి వంటల్లో లేవు. టర్కీ కోడి, చేపలు, వేటమాంసం తినేవారు గాని, సామాన్యుడి రోజువారీ భోజనం మాత్రం మొక్కజొన్న, చిక్కుడు గింజలు, గుమ్మడి, మిరపకాయ, ఆకుకూరలే. ఈమధ్య పట్టణాలలో 'వీగన్' అనే మాట వినిపిస్తోంది. మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు కూడా ముట్టకుండా మొక్కల నుంచి వచ్చినవే తినడాన్ని అలా అంటున్నారు. కొత్తగా వీగన్ వంట నేర్చుకునేవారు చాలామంది మెక్సికో పాత వంటల వైపు చూడడానికి కారణం ఇదే. 2010లో యునెస్కో సంస్థ మెక్సికో సంప్రదాయ వంటను మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

మన పోడు, వారి మిల్పా

మెక్సికో రైతులు ఒకే చేలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు. ఆ చేనును 'మిల్పా' అంటారు. మొక్కజొన్న కర్రను పట్టుకుని చిక్కుడు తీగ పైకి పాకుతుంది. చిక్కుడు వేర్లు నేలకు నత్రజనిని ఇస్తాయి. గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమను నిలుపుతాయి, కలుపును అణచివేస్తాయి.

ఇది చదువుతుంటే మన పెద్దలకు ఏమి గుర్తుకు వస్తుంది? కోయలు, కొండరెడ్లు చేసిన పోడు సేద్యం గుర్తుకు రావాలి. జొన్న, సామ, కొర్ర, కంది, అనుములు, బొబ్బర్లు, గుమ్మడి అన్నీ ఒకే చెలకలో ఉండేవి. ఒకటి పోయినా ఇంకొకటి చేతికి వచ్చేది. కొత్త పంట ఏదైనా కొత్తల పండుగ చేసుకున్న తరువాతనే నోట పెట్టుకునేవారు. ఒక్కొక్క పంటకూ దాని కాలం, దాని గౌరవం ఉండేవి.

ఇప్పుడు భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, పినపాక వైపు చూస్తే పత్తి, మిరప, హైబ్రిడ్ మొక్కజొన్న ఎక్కువ కనిపిస్తాయి. మొక్కజొన్న అత్యధికంగా కోళ్ళ దాణాకు, గంజిపొడి ఫ్యాక్టరీలకు పోతుంది. చేలో ఒకటే పంట ఉన్నప్పుడు కంచంలో కూడా ఒకటే మిగులుతుంది. ఇల్లు గడవని నెలల్లో ఆ ఒక్క ధాన్యమే మూడు పూటలా తినవలసి వస్తుంది. అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

గింజ ప్రయాణం చేసింది, వండే తెలివి చేయలేదు

మొక్కజొన్నలో నియాసిన్ ఉంది. అయితే అది తాళం వేసిన పెట్టెలో డబ్బులాంటిది. గింజలో ఇతర పదార్థాలతో గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి మన పేగులు దానిని తీసుకోలేవు. దీనికి తోడు మొక్కజొన్న మాంసకృత్తుల్లో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే రెండు ముఖ్యమైన ఆమైనో ఆమ్లాలు తక్కువ. ట్రిప్టోఫాన్ ఉంటే దానితో శరీరం కొంత నియాసిన్‌ను తనంతట తాను తయారుచేసుకోగలదు. ఆ దారి కూడా ఇక్కడ ఇరుకే.

మెక్సికో స్త్రీలు ఈ తాళాన్ని ఏనాడో తీశారు. ఎండు మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రాతి మీద రుబ్బి రొట్టెలు చేస్తారు. అలా ఉడికించిన గింజను 'నిష్తమాల్' అంటారు. వారి పాతభాష నహువాత్ల్‌లో 'నెష్త్లి' అంటే బూడిద. కట్టెల బూడిదతో కూడా ఈ పని చేసేవారు. సున్నం వల్ల గింజ పైతోలు ఊడిపోతుంది, పిండికి జిగురు వస్తుంది, కాల్షియం పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అతుక్కుని ఉన్న నియాసిన్ విడుదలవుతుంది. విటమిను అన్న మాట పుట్టక ముందే వంటింట్లో ఈ పని జరిగిపోయింది.

యూరపు వారు మొక్కజొన్న విత్తనం తీసుకుపోయారు. సున్నం సంగతి మాత్రం వదిలేశారు. ఫలితం ఏమయింది? 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసల్ అనే వైద్యుడు పేద రైతుల మెడ చుట్టూ గొలుసులాంటి మచ్చలున్న కొత్త జబ్బును గుర్తించాడు. ఆ మచ్చను ఈనాటికీ 'కసల్ గొలుసు' అంటారు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపొల్లి దానికి పెల్లాగ్రా అని పేరు పెట్టాడు. గరుకు చర్మం అని అర్థం.

20వ శతాబ్దం మొదటి భాగంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ జబ్బు సుమారు 30 లక్షల మందికి సోకిందని, లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. అక్కడి పేద పత్తి కూలీలు మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకం మీదే బతికేవారు. ఇది అంటువ్యాధి అని అందరూ నమ్మారు. 1914లో ఈ పని మీద నియమితుడైన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనాథాశ్రమాలలో, ఆసుపత్రులలో ఒక విషయం గమనించాడు. రోగుల మధ్య తిరిగే నర్సులకు, పనివారికి ఈ జబ్బు రాదు. తేడా భోజనంలోనే ఉంది. పిల్లల భోజనంలో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు చేర్చగానే జబ్బు మాయమైంది. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్జెమ్ అనే శాస్త్రవేత్త అసలు మందు నికొటినిక్ ఆమ్లం, అంటే నియాసిన్, అని తేల్చాడు.

మన తెలంగాణలోనూ ఉండేది

ఇదంతా పరాయి దేశాల కథ అనుకోకండి. హైదరాబాదు చుట్టుపక్కల జిల్లాల్లో జొన్న తిని బతికే పేదవారిలో పెల్లాగ్రా చాలాకాలం ఉండేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీని మీద ఎంతో పని చేశారు. ఈ సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు మారింది. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో 'లాన్సెట్' వైద్యపత్రికలో ఒక వ్యాసం రాశారు. జొన్నలో లూసిన్ అనే ఆమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఇందుకు కారణం కావచ్చన్నారు. తరువాత దాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు జరిగాయి. కాని ఒక్క మాట మీద అందరూ ఒకటే: ఒకే ఒక్క ధాన్యం మీద, పప్పు కూర లేకుండా నెలల తరబడి బతికేవారికి ఈ జబ్బు వస్తుంది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పల్లె భోజనం జొన్న నుంచి వరి వైపు మళ్ళింది. ఆ జబ్బు కూడా అరుదైపోయింది. అరుదు అంటే లేదని కాదు. ఈ క్రింది వారిలో ఇప్పటికీ చూస్తాం:

1. మొక్కజొన్న లేక జొన్న గటక మాత్రమే తినేవారు.
2. సారా, కల్లు ఎక్కువ తాగి అన్నం మానేసేవారు.
3. క్షయవ్యాధికి ఐసోనియాజిడ్ మాత్ర వాడుతూ సరైన తిండి లేనివారు. (వీరు మాత్ర తమంతట తాము మానకూడదు. డాక్టరుకు చూపించాలి.)
4. చాలాకాలంగా విరేచనాలతో బాధపడేవారు.

చర్మం, విరేచనాలు, మతిభ్రమ: ఈ మూడూ పెల్లాగ్రా గుర్తులు. పట్టించుకోకపోతే నాలుగవది మరణం.

ఇక వంట నేర్చుకుందాం

*1. సున్నపు మొక్కజొన్న రొట్టె*

కావలసినవి: ఎండు మొక్కజొన్న గింజలు అర కిలో, నీళ్ళు ఒకటిన్నర లీటరు, తమలపాకులో వేసుకునే శుభ్రమైన తడి సున్నం ఒకటిన్నర చిన్న చెంచాలు.

చేసే విధానం: గింజలు ఏరి కడగాలి. స్టీలు గిన్నెలో గాని, మట్టికుండలో గాని నీళ్ళు పోసి సున్నం కలపాలి. గింజలు వేసి సన్నని మంట మీద ముప్పావు గంట ఉడికించాలి. వేళ్ళతో నలిపితే పైతోలు జారిపోవాలి. దించి మూతపెట్టి రాత్రంతా ఉంచాలి. తెల్లవారి ఆ పసుపుపచ్చ నీళ్ళు పారబోసి, మంచి నీళ్ళలో మూడుసార్లు బాగా రుద్ది కడగాలి. రోట్లో గాని గ్రైండరులో గాని కొద్దిపాటి నీళ్ళతో మెత్తగా రుబ్బి, ఉప్పు కలిపి ముద్ద చేయాలి. జొన్నరొట్టె చేసే చేతికి ఇది కొత్త పని కాదు. తడిగుడ్డ మీద పలచగా తట్టి, బాగా కాలిన పెనం మీద రెండు వైపులా కాల్చాలి. నూనె అక్కరలేదు. మామూలు మొక్కజొన్న పిండి విరిగిపోతుంది. ఇది విరగదు, మడత పడుతుంది.

జాగ్రత్తలు:

• గోడలకు వేసే సున్నం, నీళ్ళు పోస్తే పొగలు వచ్చే సున్నపురాయి ఎప్పుడూ వాడకూడదు. పొగాకు కలిపిన సున్నం వాడకూడదు.
• అల్యూమినియం (సత్తు) గిన్నె వాడకూడదు. సున్నం దానిని తినివేస్తుంది.
• పిల్లల కంట్లో సున్నం పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పొరపాటున పడితే వెంటనే శుభ్రమైన నీళ్ళతో పావుగంట సేపైనా ఆపకుండా కడిగి, ఆసుపత్రికి తీసుకురావాలి.
• చెప్పిన కొలత దాటకూడదు. కడగడం తగ్గించకూడదు.

*2. అలసంద కూర*

మెక్సికోలో ప్రతి ఇంట్లో చిక్కుడు గింజల కుండ పొయ్యి మీద ఉంటుంది. మనకు అలసందలు (బొబ్బర్లు), అనుములు, కందులు, ఉలవలు ఉన్నాయి. ఒక గ్లాసు అలసందలు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి మెత్తగా ఉడికించాలి. కడుపుబ్బరం లేకుండా కొంచెం వాము వేయాలి. ఒక చెంచా నూనెలో ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, రెండు టమాటాలు వేయించి, ఉడికిన గింజలు కలిపి, సగం గరిటెతో మెదపాలి. ఇది రొట్టెలో పెట్టి మడుచుకుని తినవచ్చు.

రాజ్‌మా చిక్కుళ్ళు వండేవారు ఒక మాట గుర్తుంచుకోండి. నానబెట్టిన తరువాత కనీసం పది నిమిషాలు తెర్లించి, ఆపైన పూర్తిగా మెత్తబడే దాకా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్‌మా వాంతులు, విరేచనాలు తెస్తుంది.

*3. కాల్చిన టమాటా రోటిపచ్చడి*

మెక్సికో వంటింట్లో మూడు కాళ్ళ రాతిరోలు ఉంటుంది. అందులో నూరే పచ్చడిని 'సాల్సా' అంటారు. నాలుగు టమాటాలు, మూడు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిగడ్డ నిప్పుల మీద కాల్చి, ఉప్పు, కొత్తిమీర వేసి కచ్చాపచ్చాగా నూరి, చివర నిమ్మరసం పిండాలి. నూనె లేదు, పోపు లేదు. ఇందులోని విటమిన్ సి వలన ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నిమ్మకాయ దొరకనప్పుడు ఉసిరికాయ తురిమి కలపండి. రక్తం తక్కువగా ఉన్న స్త్రీలు భోజనంతో పాటు ఇది తినాలి. భోజనం చేసిన వెంటనే టీ తాగకూడదు. టీ ఇనుమును అడ్డుకుంటుంది.

*4. గుమ్మడి: పువ్వు నుంచి గింజ దాకా*

గుమ్మడికాయ కోసి గింజలు పారేస్తున్నాం. మెక్సికోలో వాటిని వేయించి నూరి పులుసులు చిక్కబరుస్తారు. గింజలను కడిగి ఎండబెట్టి, దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి పొడి కొట్టుకోండి. ఇందులో మాంసకృత్తులు, మంచి కొవ్వు, జింక్ ఉన్నాయి. మగపువ్వులను, లేత ఆకులను కూరగా వండుకోవచ్చు.

*5. తోటకూర*

తోటకూర జాతి మొక్క మెక్సికో పాతకాలపు పంటల్లో పెద్దది. దాని గింజలను ధాన్యంగా తినేవారు, ఆకును కూరగా వండేవారు. మనకు ఆకు చాలు. తోటకూర, మునగాకు, పొన్నగంటి ఏది దొరికితే అది రోజూ ఒక గుప్పెడు అలసంద కూరలో వేయండి.

*6. తీపి జావ*

రుబ్బిన సున్నపు మొక్కజొన్న ముద్దను నీళ్ళలో కలిపి మరిగిస్తే మెక్సికోవారి 'అటోలె' అవుతుంది. మన జావకు అక్క అనుకోండి. అందులో బెల్లం, రెండు చెంచాల వేరుశనగ పొడి కలపండి. వేరుశనగ నియాసిన్ గని. 100 గ్రాముల గింజల్లో సుమారు 12 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్ద పిల్లలకు, పనికి పోయే తల్లులకు ఇది మంచి పొద్దుటి తిండి.

గింజ, పప్పు ఎందుకు కలవాలి?

మొక్కజొన్నలో తక్కువగా ఉన్న లైసిన్ పప్పుల్లో ఎక్కువ. పప్పుల్లో తక్కువగా ఉన్న మిథియోనిన్ ధాన్యంలో ఉంది. వదిన దగ్గర ఉప్పు లేకపోతే మరదలు ఇచ్చినట్టు, ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. 100 గ్రాముల మొక్కజొన్నలో మాంసకృత్తులు సుమారు 9 గ్రాములు. అదే బరువు అలసందల్లో 20 గ్రాములకు పైగా ఉంటాయి. గుర్తుంచుకోవడానికి తేలిక లెక్క: మూడు పాళ్ళు ధాన్యానికి ఒక పాలు పప్పు.

మొక్కజొన్న గింజలోనే ఈ లోటు తగ్గించాలని మెక్సికోలోని అంతర్జాతీయ పరిశోధనా కేంద్రంలో మన భారతీయ శాస్త్రవేత్త సురీందర్ వాసల్, మెక్సికో శాస్త్రవేత్త ఎవాంజెలీనా విల్లెగాస్ ఏళ్ళ తరబడి కృషి చేశారు. లైసిన్, ట్రిప్టోఫాన్ ఎక్కువగా ఉన్న మొక్కజొన్నను తయారుచేసినందుకు 2000లో వారికి ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

ఈ తప్పులు చేయకండి

1. *రంగు వేసిన విత్తనం తినకండి.* విత్తనాల సంచిలో మిగిలిన ఎర్రని, ఆకుపచ్చని గింజలకు పురుగుమందు, తెగులుమందు పట్టించి ఉంటుంది. ఎంత కడిగినా, సున్నంలో ఉడికించినా అది విషమే. కోళ్ళకు కూడా వేయవద్దు.

2. *బూజు పట్టిన గింజ తినకండి.* 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 100 మందికి పైగా కాలేయం చెడి చనిపోయారు. ఆ బూజులోని విషం పేరు అఫ్లాటాక్సిన్. గింజలను బాగా ఎండబెట్టి, నేల తగలకుండా ఎత్తు మీద దాచుకోండి.

3. *కేసరి పప్పు (లంకపప్పు) జోలికి పోకండి.* చౌకగా వచ్చిందని రోజూ తింటే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది.

4. *పసిబిడ్డకు తల్లిపాలు ఆపకండి.* ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలు మాత్రమే. తరువాత మెత్తని పప్పన్నం, జావతో పాటు రెండేళ్ళ వరకు తల్లిపాలు ఇవ్వాలి. సున్నపు మొక్కజొన్న ఏడాది లోపు పిల్లలకు పెట్టకండి.

5. *బి12 విటమిను మొక్కల్లో లేదు.* ఇది బాగా గుర్తుంచుకోవలసిన మాట. పాలు, గుడ్డు, చేప, మాంసం ఏవీ తినని వ్యక్తికి కొన్నేళ్ళకు రక్తహీనత, కాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు రావచ్చు. నిష్ఠతో గాని, ఇష్టంతో గాని పూర్తిగా మానుకున్నవారు డాక్టరు సలహాతో బి12 మాత్ర తప్పక వాడాలి.

ఇంట్లో వచ్చే సందేహాలు

*అయితే మేము గుడ్లు, పాలు మానాలా?*

లేదు. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు, పిల్లలకు గుడ్డు, పాలు ఇస్తే తప్పక తీసుకోండి, ఇంటికి తెచ్చి ఇతరులకు పంచకండి. ఈ పాఠం ఉన్నది మానమని చెప్పడానికి కాదు. మాంసం, పాలు కొనలేని రోజు కూడా కంచం బోసిపోనక్కరలేదని చెప్పడానికి.

*సున్నం దొరకకపోతే, భయమైతే?*

సున్నం లేకుండా మామూలు మొక్కజొన్న కూడా వండుకోవచ్చు. అప్పుడు పప్పు, వేరుశనగ, ఆకుకూర తప్పనిసరి. సున్నం ఒక తాళంచెవి. పప్పు, వేరుశనగ ఇంకొక తలుపు. ఏదో ఒక దారి తెరిచి ఉండాలి.

*షుగరు, కిడ్నీ జబ్బులవారు తినవచ్చా?*

షుగరు ఉన్నవారు బెల్లం లేకుండా, రొట్టెల సంఖ్య తగ్గించి, కూర ఎక్కువగా తినవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పు, ఉప్పు, సున్నం విషయంలో డాక్టరును అడిగిన తరువాతనే తినాలి.

ఒక రోజు భోజనం ఇలా

పొద్దున: ఒక చెంబు మొక్కజొన్న జావ, వేరుశనగ పొడి, ఒక జామకాయ.
మధ్యాహ్నం: రొట్టెలు లేక అన్నం, ఒక కప్పు అలసంద కూర తోటకూరతో, టమాటా రోటిపచ్చడి.
సాయంత్రం: ఉడికించిన చిలగడదుంప లేక గుప్పెడు వేరుశనగలు.
రాత్రి: అన్నం, కందిపప్పు, గుమ్మడి కూర, గుమ్మడి గింజల పొడి, నిమ్మకాయ ముక్క.

ముగింపు

ఆ పెద్దమ్మ ఇంటి వెనుక మరుసటి వానాకాలం మొక్కజొన్న కర్రల పక్కన బొబ్బర తీగ, గట్టు మీద గుమ్మడి పాదు వేశారు. మళ్ళీ వెళ్ళినప్పుడు సిస్టర్ చేతిలో ఒక రొట్టె పెట్టి, "పచ్చడి కారమైంది, మెల్లగ తిను బిడ్డా" అన్నది. తాను మాత్రం నిండా పచ్చడి అద్దుకుని తిన్నది. నోరు మానిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

విత్తనం ఒక్కటే తెచ్చుకుంటే సరిపోదు. దానిని వండే తెలివి, దానికి తోడుండే గింజ కూడా రావాలి. మెక్సికో తల్లులకు తెలిసిన ఆ సంగతి, పోడు చెలకలో అన్నీ కలిపి చల్లిన మన అవ్వలకూ తెలుసు. దాన్ని మనం మరచిపోకుండా ఉండాలి.

గుర్తుంచుకోండి

• ఒక్క ధాన్యంతోనే మూడు పూటలు గడపకూడదు. ధాన్యంతో పప్పు, ఆకుకూర, పులుపు కలవాలి.
• మెడ, చేతులు, పాదాల మీద ఎండ తగిలే చోట నల్ల మచ్చలు, నోటిపూత, విరేచనాలు కలిసి వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. పసుపు రాస్తూ కూర్చోవద్దు.
• పెల్లాగ్రాకు మందు ఉంది. ఖర్చు తక్కువ. ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

మహిళా సంఘంలో చర్చించండి

1. మీ అమ్మమ్మ కాలంలో ఒక చెలకలో ఎన్ని పంటలు ఉండేవి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?
2. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ మన ఒంటికి ఎందుకు పట్టదు? మెక్సికో స్త్రీలు ఏం చేశారు?
3. ఈ వారం మీ ఇంట్లో ఎన్ని రోజులు పప్పు వండారు? వండని రోజున దాని బదులు ఏమి పెట్టవచ్చు?
4. పాలు, గుడ్లు, మాంసం ఏవీ తినని వ్యక్తి ఏ విటమిను గురించి డాక్టరును అడగాలి?